ఒకే రాత్రి, అందరికీ

మొన్న ఇంటర్నల్స్ పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్లవాడు "కులగజ్జి పట్టిన ఈ సమాజంలో" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. మనవాడే. చదువుతాడు, మీటింగులకొస్తాడు, నిలబడి ప్రశ్న అడుగుతాడు. మార్కులు తగ్గించలేదు. ఆ మాట కింద మాత్రం ఎర్ర గీత గీసి, పక్కన "నీకెప్పుడైనా గజ్జి వచ్చిందా?" అని రాశాను. ఎందుకు రాశానో వాడికి అర్థమై ఉండదు. అందుకే ఈ వారం ఇది.

ఈ మాట మన పోస్టుల్లోనూ తిరుగుతోంది. ఎవడైనా కులం పేరు చెప్పుకుని మీసం మెలేస్తే వాడికి కులగజ్జి అంటాం. తెలుగులో తిట్లన్నీ ఒకసారి పోగేసి చూడండి. గజ్జికుక్క, గజ్జిమొహం, కుష్టోడు, కుంటోడు, గుడ్డోడు. ఒంటికొచ్చిన జబ్బు, పుట్టుకతో వచ్చిన లోపం. ఆ వరసలోనే మన కులాల పేర్లూ తిట్లయి కూర్చున్నాయి. మనల్ని కొట్టడానికి నింపుకున్న సంచీలోంచే రాయి తీసి మనం తిరిగి విసురుతున్నాం. పైగా పోలిక కూడా కుదరదు. గజ్జి వచ్చినవాడు రాత్రంతా నిద్ర లేక గోక్కుంటాడు, కులపొగరున్నవాడు గుర్రుపెట్టి నిద్రపోతాడు. గజ్జి వచ్చిన పిల్లని చివర కూర్చోబెడతారు, కులపొగరున్నవాడికి ముందు వరసలో కుర్చీ వేస్తారు. ఇంకో సంగతి. అదే జబ్బు అపార్ట్‌మెంటులో పిల్లకొస్తే దానికి గజ్జి అనే పేరే ఉండదు, "స్కిన్ ఎలర్జీ" అంటారు.

సరే, సాహిత్యం క్లాసు ఇక్కడికి ఆపుతాను. ఇవాళ అసలు గజ్జి గురించే, ఇంకా పిల్లల ఒంటి మీదొచ్చే మంటలూ దురదల గురించే రాస్తాను. మీలో చాలామంది హాస్టళ్ళకు వెళ్తుంటారు, వాడల్లో ట్యూషన్లు చెబుతుంటారు. కొంచెం పనికొస్తుంది.

ముందు మంట. మాది పల్నాడు. మా అమ్మ మిరపకాయ కోతలకు వెళ్ళేది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరే దాకా అదే పని. పొద్దున కోత, కల్లంలో ఆరబోత, ఆరిన కాయల్లోంచి తాలు ఏరడం. మా తమ్ముడు అప్పుడు చంటివాడు. గట్టు మీద చెట్టుకు చీర కట్టి ఉయ్యాల వేసేది, నన్ను కాపలా పెట్టేది. వాడు ఏడిస్తే వచ్చి ఎత్తుకోవాలి, పాలివ్వాలి. చేతులనిండా మిరప ఘాటు. వాడిని ఎత్తుకున్న చోటల్లా, తొడల మీద, నడుం దగ్గర, బుగ్గ మీద, అమ్మ వేళ్ళు పడినట్టే ఎర్రగా కందేది. పాలు తాగడానికి నోరు పెట్టి వెంటనే కెవ్వుమనేవాడు. ఎక్కడ మంటో చెప్పే వయసు కాదు.

కొత్తగా కోతకొచ్చిన వాళ్ళు గబగబా నీళ్ళు పోసి కడిగేవాళ్ళు. మంట ఇంకా ఎక్కువయ్యేది. మిరపలో మంట పుట్టించే పదార్థం, కాప్సైసిన్, నీళ్ళలో కరగదు. ఒట్టి నీళ్ళు పోస్తే అది పోదు, పక్కకి పాకుతుంది. నూనెలో కరుగుతుంది. ఆ పేరు మా అమ్మకు తెలీదు, పద్ధతి తెలుసు. సద్దిమూటలో చిన్న సీసాతో నూనె పెట్టుకునేది. ఇంట్లో ఏది ఉంటే అది. ముందు చేతులకు నూనె బాగా రుద్ది, పాతగుడ్డతో తుడిచేసి, తర్వాత సబ్బుతో కడిగి, మళ్ళీ అంతా ఇంకోసారి. చీర మీద వేసుకున్న మగవాళ్ళ పాత చొక్కా విప్పి గట్టు మీద పడేసి, అప్పుడు పిల్లవాడిని తీసుకునేది. ఆ చొక్కాకీ ఘాటు ఉంటుంది కదా. పిల్లవాడికి మంట తగిలితే అదే వరస, మెత్తగా. నూనె రాసి తుడవడం, తేలికపాటి సబ్బు, నీళ్ళు, ఆరాక మళ్ళీ కాస్త కొబ్బరినూనె. కంట్లో పడితే మాత్రం నూనె లేదు సబ్బు లేదు, చల్లటి మంచినీళ్ళతో చాలాసేపు కడగడమే.

ఇప్పుడు చర్మం డాక్టర్లు చెప్పేది కూడా దాదాపు ఇంతే. ఒరిపిడి వల్లో ఘాటు వల్లో వచ్చిన మంట ఇది. అంటుకున్నది తీసేయాలి, మళ్ళీ అంటకుండా చూడాలి, వాసనా రంగూ లేని జిడ్డు ఏదైనా, వాజిలైన్ లాంటిది, పల్చగా రాసి వదిలేయాలి. చాలాసార్లు రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. మందుల షాపు క్రీము అక్కర్లేదు. పిల్లల ఒరుపులన్నీ ఈ కుటుంబానివే. తడి లంగోటి, తడి డైపర్ వల్ల వచ్చే ఎరుపు పిర్రల మీద, గుడ్డ ఆనిన చోట ఉంటుంది, గజ్జల మడతల్లోపల సాధారణంగా ఉండదు. తడి మార్చి, కాసేపు గాలికి వదిలి, జింక్ ఆక్సైడ్ ఉన్న తెల్ల పూత మందంగా రాస్తే నిమ్మళిస్తుంది. మడతల్లోపలే ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న చుక్కల్లా పొక్కులుంటే అది బూజు జాతిది, దానికి మందు వేరు, డాక్టరుకి చూపించాలి. చెమటకాయలకు గాలి, వదులు నూలుబట్ట, చన్నీటి గుడ్డ. పౌడరు దట్టంగా కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, చంటిపిల్లల ఊపిరిలోకి పోవడం తప్ప.

కానీ మిరప చేలో ఈ వైద్యానికి ఏం కావాలి? నూనె మా అమ్మ తెచ్చుకుంది. సబ్బు ముక్క కూడా. నీళ్ళు? చేలో నీళ్ళున్నది మందు కొట్టే డ్రమ్ముల్లో. పురుగుమందు డబ్బా కడిగి దాంట్లోనే మంచినీళ్ళు తెచ్చుకునే వాళ్ళని నేను చూశాను. అది మిరప కన్నా పెద్ద ప్రమాదం. పిల్లకు ఏం రాయాలో డాక్టరు చీటీలో రాస్తాడు. తల్లి చేతులు కడుక్కోడానికి పొలంలో బిందెడు నీళ్ళు ఎవరు పెట్టాలో ఏ చీటీలోనూ ఉండదు. కోత కూలి గురించి రైతుతో మాట్లాడే యూనియన్ మిత్రులు, రేటు పక్కన ఈ రెండూ అడగండి: ఒక నీళ్ళ డ్రమ్ము, ఒక సబ్బు.

ఇక దురద. మంటకీ దురదకీ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చాలా ఉంది. మంట అంటుకున్న వెంటనే మొదలవుతుంది, అంటిన చోటే ఉంటుంది, ఇంట్లో మిగతావాళ్ళకు ఉండదు. గజ్జి అలా కాదు. రాత్రి పడుకున్నాక పెరుగుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మొలతాడు కట్టే చోట, తొడల మధ్య. చంటిపిల్లల్లో అరచేతుల్లో, అరికాళ్ళలో, తల మీద కూడా. ఇంట్లో ఇంకొకరు ఎవరో గోక్కుంటుంటారు.

నన్ను ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశారు. ఏ ఊరో చెప్పను. ఒక హాలు, నేల మీద బొంతలు. చలికాలం వస్తే ఇద్దరివో ముగ్గురివో దుప్పట్లు కలిపి, ఒకరినొకరు కరుచుకుని పడుకునేవాళ్ళం. నాకు గుర్తున్న సుఖాల్లో అదొకటి. ఆ సుఖంలోంచే గజ్జి వచ్చింది.

హాస్టలంతా మనవాళ్ళే. అయినా వారం తిరక్కుండా అక్కడ ఒక చివరి వరస తయారైంది. చేతులకు పొక్కులున్న పిల్లలు అన్నానికి చివర కూర్చోవాలి, గ్లాసు వేరు, బకెట్టు వేరు. ఆ వరస ఎలా కట్టాలో మాకెవరూ నేర్పలేదు. ఊళ్ళో చూసిందే, టీకొట్టు దగ్గర చూసిందే, చిన్నపిల్లలం కాబట్టి సులువుగా వచ్చేసింది. నేను ఆ వరసలో రెండు నెలలు కూర్చున్నాను.

వైద్యం ఏమిటంటే ఒక తెల్లటి లోషను. బెంజైల్ బెంజోయేట్ అని తర్వాత తెలిసింది. గోకిన చోట పడితే ప్రాణం పోయినంత మంట. పిల్లలకైతే నీళ్ళు కలిపి పల్చన చేసి రాయాలి, ఎవరూ చేయలేదు. పొక్కులు కనిపించే వాళ్ళకే, కనిపించే చోటే రాసేవాళ్ళు. పది రోజులకు ఈ అమ్మాయికి తగ్గేది, అప్పటికి పక్కమ్మాయికి వచ్చేది, ఇంకో పది రోజులకు మళ్ళీ ఈ అమ్మాయికే. హాలంతా తిరిగింది. అప్పుడు వచ్చిన తీర్పు: "మీరు స్నానాలు చేయరు, మీ వాడల అలవాట్లే ఇక్కడా." మా పక్క బొంత అమ్మాయి రోజూ పొద్దున నాలుగింటికే లేచి, ఎవరూ లేనప్పుడు, చన్నీళ్ళు రెండుసార్లు పోసుకునేది. ఒళ్ళంతా రుద్దుకునేది. ఆమెకు అందరికన్నా ఎక్కువైంది. "తగ్గాక రా" అని ఇంటికి పంపారు. మళ్ళీ రాలేదు. ఆ వేసవిలో పెళ్ళి చేశారని విన్నాను. ఏడో తరగతి చదవాల్సిన పిల్ల.

స్నానం గురించి ఆ తీర్పు అబద్ధమని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పీహెచ్‌డీ చేసేటప్పుడు, నా టాపిక్‌కి ఏ సంబంధం లేకుండా, లైబ్రరీలో దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికిన రెండు కథలు మీకు చెప్పాలి.

గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని ఒక పురుగు అని యూరప్ వైద్యులకు వివరంగా చెప్పిన కాగితం 1687 నాటిది. ఇటలీ డాక్టరు జొవాన్ని కొసిమో బొనొమొ, ఫ్రాన్సెస్కో రేది అనే పండితుడికి రాసిన లేఖ. పక్కన చెస్తోని అనే మందుల తయారీదారు ఉన్నాడు. ఇద్దరూ కలిసి పురుగును సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీశారు. చరిత్రలో వాళ్ళ పేర్లున్నాయి. కానీ అసలు ఎక్కడ వెతకాలో వాళ్ళకెలా తెలిసింది? లేఖలోనే ఉంది. పేద ఆడవాళ్ళు తమ పిల్లల చేతుల్లోంచి సూదిమొనతో ఏదో తీసి గోళ్ళ మధ్య చిదిపేయడం, లివోర్నోలో బానిసలు ఒకరికొకరు అలాగే తీసుకోవడం చూశారు. ఆ తల్లులకు పురుగు సంగతి ముందే తెలుసు. పండితులు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఇది నెత్తురు చెడిపోవడం వల్ల వచ్చే రోగమనే నమ్మారు. మా అమ్మ నూనె సీసా గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను.

రెండోది ఇంగ్లండు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకు గజ్జి విపరీతంగా వచ్చింది. దుప్పట్ల వల్ల, మురికి బట్టల వల్ల వస్తోందని సైన్యం దుప్పట్లు వేడి పెట్టించడానికి తెగ ఖర్చు పెట్టింది. కెనెత్ మెలాన్బీ అనే కీటక శాస్త్రవేత్త 1941లో షెఫీల్డ్‌లో దీన్ని పరీక్షించాడు. యుద్ధంలో చేరమని నిరాకరించిన శాంతివాదులు కొందరు తమ ఒళ్ళు ఇచ్చారు. గజ్జి ఉన్న సైనికులు అప్పుడే వదిలిన దుప్పట్లలో బట్టలు లేకుండా పడుకున్నారు, వాళ్ళ లోదుస్తులు ఉతక్కుండా తొడుక్కున్నారు. దాదాపు ఎవరికీ రాలేదు. గజ్జి ఉన్న మనిషితో ఒకే పక్క మీద పడుకుంటే వచ్చింది. మామూలు రోగి ఒంటి మీద ఆడపురుగులు సగటున పదీ పన్నెండుకి మించి ఉండవని కూడా ఆయనే లెక్కపెట్టాడు. అవి చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని ఉంటాయి. పైన ఎన్ని బకెట్లు పోసినా వాటికి తగలదు.

ఇక్కడ మనవాళ్ళతో కూడా నాకు చిన్న పేచీ ఉంది. హాస్టల్లో గజ్జి వస్తే మనం వెంటనే "నీళ్ళు లేవు, అందుకే గజ్జి" అని ధర్నాకి కూర్చుంటాం. నీళ్ళ కోసం ధర్నా చేయాల్సిందే, వంద కారణాలున్నాయి. గోకిన చోట చీము పట్టకుండా ఉండడానికి సబ్బూ నీళ్ళూ తప్పనిసరి. కానీ గజ్జికి అసలు కారణం నీళ్ళు కాదు, ఇరుకు. మనం "నీళ్ళు లేవు" అన్నప్పుడల్లా అవతలివాడు "అవును, మురికి" అని వింటున్నాడు. మంచాలు అడగండి. మనిషికి ఒక దుప్పటి అడగండి. హాలులో ఎంతమందిని కుక్కుతున్నారో లెక్క అడగండి.

మా పాపకు నాలుగేళ్ళు. పోయిన వానాకాలం వేళ్ళ సందుల్లో పొక్కులొచ్చాయి. ప్లేస్కూల్లో మధ్యాహ్నం చాపల మీద పక్కపక్కనే పడుకోబెడతారు, అక్కడే ముగ్గురికి ఉంది. చూడగానే నాకు తెలిసింది, అయినా ఒక ప్రైవేటు చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. పాప, నేను, మా అమ్మ. పాప అమ్మమ్మ ఒళ్ళో కూర్చుంది. ఆయన బల్ల అవతలి నుంచే టార్చి వేసి చూశాడు. చెయ్యి పట్టుకోలేదు. "మేడమ్, మీరు ఏం చేస్తుంటారు?" అని నన్ను అడిగాడు. చెప్పాను. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, నీకు దురదలున్నాయా? మీ ఇంట్లో?" అన్నాడు. అమ్మ లేదు బాబూ అంది. ఆయన మళ్ళీ నాతో, ఇంగ్లీషులో, పనివాళ్ళ నుంచే వస్తాయి మేడమ్, పాపను ఆమె దగ్గర పడుకోబెట్టకండి అన్నాడు.

"ఆమె మా అమ్మండీ" అన్నాను, తెలుగులో.

ఆయన సారీ చెప్పాడు. చీటీ రాసిచ్చాడు. చీటీలో పాప పేరు ఒక్కటే ఉంది, ఒక ట్యూబు. ఆ గదిలో నాకు కోపం వచ్చింది మా అమ్మను పనిమనిషి అనుకున్నందుకు ఒక్కటే కాదు. పనిమనిషి అయితే మాత్రం? ఆమెకు దురద ఉందేమోనని అనుమానపడ్డ మనిషి ఆమెకు మందు రాయలేదు. దూరం పెట్టమని చెప్పాడు, అంతే. కులం మాట పక్కన పెట్టండి, ఉత్త వైద్యం ప్రకారం చూసినా అది తప్పు. గజ్జి మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ నెల రోజులూ ఒంటి మీద ఏమీ కనిపించదు, కానీ పక్కవాళ్ళకు అంటించగలరు. అందుకే ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ, పిల్లను ఎత్తుకునే వాళ్ళందరికీ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రోజు మందు రాయాలి. "మా నలుగురికీ, ఇంకా మా ఇంట్లో పనిచేసే ఆవిడకీ, వాళ్ళ ఇంట్లో వాళ్ళకీ రాయండి" అన్నాను. రాశాడు. పాపం, రాయను అనలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో అందరం మందు రాసుకున్నాం. మా అమ్మ పాపకు దూరంగా, హాల్లో చాప వేసుకుంది. ఇంగ్లీషు రాకపోయినా ఆయన చెప్పింది ఆమెకు అర్థమైంది. "నా దగ్గరొద్దులేవే పిల్లకి" అంది. వీపుకు చెయ్యి అందదు కదా, ఇలా రా అని కూర్చోబెట్టి నేనే రాశాను. భుజాల మీద ఎండకు కమిలిన మచ్చలు, మెడ దగ్గర మూట మోసిన కాయ. రాస్తున్నంతసేపూ వద్దొద్దంటూనే ఉంది. ఆ వీపుకు ఎవరైనా ఏదైనా రాయడం అదే మొదటిసారేమో. తర్వాత పాపను తీసుకెళ్ళి ఆమె పక్కనే పడుకోబెట్టాను.

ఎలా రాయాలో చెబుతాను, ఎందుకంటే ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఇప్పుడు ఎక్కువగా వాడేది పర్మెత్రిన్ 5 శాతం క్రీము. రెండు నెలలు దాటిన పిల్లలకు వాడొచ్చు. పొక్కులున్న చోట కాదు, మెడ నుంచి అరికాళ్ళ దాకా ఒళ్ళంతా. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, పిర్రల మధ్య, బొడ్డులో. రెండేళ్ళలోపు పిల్లలకు తలకీ ముఖానికీ కూడా, కళ్ళూ నోరూ వదిలేసి. ఒళ్ళు చల్లగా, పొడిగా ఉండాలి, వేడినీళ్ళు పోసుకున్న వెంటనే వద్దు. రాత్రి రాసి ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలుంచి పొద్దున కడిగేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. గోళ్ళు ముందే కత్తిరించండి. రెండు నెలల్లోపు పసివాళ్ళకూ గర్భిణులకూ గంధకం కలిపిన వాజిలైన్ వాడే పద్ధతి ఇప్పటికీ ఉంది, డాక్టరుని అడిగి. మన ముసలమ్మలు కొబ్బరినూనెలో గంధకం నూరి రాసింది ఊరికే కాదు. పచ్చి వేపాకు నూరి పసిపిల్లల పుండ్ల మీద పట్టించడం మాత్రం నేను వద్దంటాను, చర్మం ఇంకా కమిలిపోతుంది.

బట్టల గురించి భయపడి ఇల్లంతా ఉడకబెట్టక్కర్లేదు. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేని బొంతలు ప్లాస్టిక్ సంచీలో కట్టి మూడు నాలుగు రోజులు పక్కన పడేస్తే చాలు. మనిషి ఒళ్ళు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

ఇంకొక్క జాగ్రత్త. మన ఊళ్ళలో ఏ దద్దురుకైనా మందుల షాపువాడు ఒక క్రీము ఇస్తాడు, స్టెరాయిడూ, బూజుమందూ, యాంటీబయాటిక్కూ మూడూ కలిపింది. రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, అందుకే అందరికీ నమ్మకం. లోపల గజ్జి అయితే పురుగు చావదు, పాకుతూనే ఉంటుంది. తామర అయితే రూపం మారిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. పిల్లల చర్మం పల్చన, మందు ఎక్కువ లోపలికి ఇంకుతుంది. రోజుల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర ఎవరూ ఆ సంగతి ఎత్తరు. మీరు ఎత్తండి.

చీముపొక్కులను తేలిగ్గా తీసుకోవద్దు. గోకిన చోట సూక్ష్మక్రిములు చేరితే, కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చీము, జ్వరం ఉన్నా అంతే. గజ్జితో ఎవరూ చనిపోరు అంటుంటారు కదా, ఆ మాట ఇక్కడ తప్పుతుంది.

ఇప్పుడు హాస్టళ్ళ సంగతి. పోయిన నెల ఒక జిల్లా నుంచి ఒక విద్యార్థి నాయకుడు ఫోన్ చేశాడు. "మేడం, మా హాస్టల్లో పదిహేనుమందికి వచ్చింది, ఇంటికి పంపుతామంటున్నారు, పబ్లిక్ పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి." ఇంటికి పంపితే ఏమవుతుంది? ఒకే గదిలో పడుకునే ఇంట్లో చెల్లికీ, తమ్ముడికీ, అవ్వకీ వస్తుంది. మళ్ళీ వాళ్ళ నుంచి వీడికి, వీడి నుంచి హాస్టలుకి. మొదటి పూత కడిగేసిన మర్నాడు పిల్ల క్లాసుకి వెళ్ళొచ్చు. ఇంటికి పంపాల్సిన పని లేదు.

పదిహేనుమందికి కాదు, మొత్తం హాస్టలుకి ఒకే రాత్రి అనే మాట నా సొంత తెలివి కాదు. ఫిజీ దీవుల్లో, మన తెలుగువాళ్ళు కూడా ఒకప్పుడు చెరకు తోటలకు గిర్మిట్ కూలీలుగా వెళ్ళిన ఆ ఫిజీలోనే, మూడు రకాలుగా చూశారు. ఒకచోట జబ్బున్నవాళ్ళకీ, వాళ్ళ దగ్గరివాళ్ళకీ మామూలుగా పూతమందు. ఒకచోట జనమంతటికీ పర్మెత్రిన్. ఒకచోట జనమంతటికీ ఐవర్‌మెక్టిన్ మాత్ర. ఏడాది తర్వాత మొదటి చోట గజ్జి 36.6 శాతం నుంచి 18.8కి, రెండోచోట 41.7 నుంచి 15.8కి, మూడోచోట 32.1 నుంచి 1.9కి తగ్గింది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా పేరులో ఉన్న "నిర్లక్ష్యం" అనే మాట నాకు నచ్చింది. తప్పు ఎవరి దగ్గరుందో కొంచెమైనా చెబుతోంది.

కాబట్టి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు "గజ్జి వచ్చిన విద్యార్థులకు మందులు" అని రాయకండి. "హాస్టల్లో ఉన్న విద్యార్థులందరికీ, వంటవాళ్ళకీ, వాచ్‌మన్‌కీ, వార్డెన్‌కీ ఒకే రోజు, వారానికి మళ్ళీ" అని రాయండి. వార్డెన్ పేరు తప్పకుండా రాయండి. ఆయన రాసుకుంటే పిల్లలకు సిగ్గు పోతుంది. పెద్దపిల్లలకు మాత్రలైతే పని సులువు, కానీ ఐవర్‌మెక్టిన్ 15 కిలోలలోపు పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వకూడదు, బరువు చూసి డాక్టరే ఇవ్వాలి, మీరు కొని పంచకండి. క్రీము అయితే పెద్దపిల్లలకు మనిషికి ఒక 30 గ్రాముల ట్యూబు పడుతుంది. లెక్క కట్టి ఇండెంటులో వేయించండి. కాస్మెటిక్ చార్జీల్లోంచి పిల్లల చేత కొనిపించనివ్వకండి, అది వాళ్ళ సబ్బు డబ్బు.

శనివారం రాత్రి పెట్టుకోండి, ఆదివారం ఉతుకులకు పనికొస్తుంది. వీపులకు ఒకరికొకరు రాసుకోమనండి. ఆ తర్వాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, చచ్చిన పురుగు అవశేషాలకు ఒళ్ళు అలాగే తిరగబడుతుంది, మందు పనిచేయలేదని కంగారుపడి రోజూ రాసుకోవద్దని ముందే చెప్పండి. రెండో పూత తేదీ తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించండి. మొదటి రాత్రికి అందరూ వస్తారు. వారం తర్వాత సగం మందికి దురద తగ్గి ఉంటుంది, ఎవరూ కదలరు. ఆ రెండో రాత్రి హాజరుపట్టీ పట్టుకుని హాల్లో మీరుండాలి.

(వచ్చే ఆదివారం ఇంకో భాగం)